కరవు నేలలో కట్టిన కడలి

సముద్రం చూడాలంటే గిద్దలూరు వాసులు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఒంగోలు తీరానికి వెళ్లాలి. ఓ పక్క నల్లమల, మరో పక్క వెలిగొండలు. నడుమ వాన కోసం మొహం వాచిన మెట్ట పొలాలు. అలాంటి చోటా ఓ సముద్రం ఉంది. గిద్దలూరులో గుంటూరు వైపు వెళ్లే రైలెక్కి కంభంలో దిగి, చెరువు కట్ట ఎక్కితే చాలు. పొడవు ఏడు కిలోమీటర్లు, సగటు వెడల్పు మూడున్నర. నిండిన ఏడాది కనుచూపు మేరా నీళ్లే!

మన పెద్దలు ఇలాంటి చెరువులకు పేర్లు పెట్టిన తీరు చూడండి. బుక్కరాయసముద్రం, అనంతసాగరం... కడలి ఊరి దగ్గరకు రాదు కాబట్టి, ఊరి దగ్గరే ఓ కడలిని కట్టుకున్నారు.

కొండే గోడ

నల్లమలలో పుట్టి బంగాళాఖాతం వైపు పరుగుతీసే గుండ్లకమ్మకు అడ్డుగా వెలిసిందే కంభం చెరువు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ దీన్ని కట్టించిందని చెబుతారు. రెండు కొండల మధ్య సందును మూసేశారంతే. మిగతా గోడ పనంతా కొండలే చూసుకున్నాయి. కట్ట ఎత్తు 57 అడుగులనీ, 430 చదరపు మైళ్ల వాన నీరు ఇందులోకి చేరుతుందనీ, దీని కింద దాదాపు 10,300 ఎకరాలు సాగవుతున్నాయనీ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఇంపీరియల్ గెజిటీర్ రాసింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

పన్నెండు అంగాలు, ఆరు దోషాలు

ఇంత పనికి ప్లానేది అనుకుంటున్నారా? గిద్దలూరుకు దక్షిణాన, కడప జిల్లా పోరుమామిళ్లలో జవాబుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో అక్కడ చెరువు కట్టించి, శాసనం వేయించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల శ్రమ. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుందా శాసనం. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యటి నీటి నది, దాన్ని ఆనుకుని సందున్న కొండ, రాతి కట్ట, దగ్గర్లో రాతి గని, చుట్టూ సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు... ఇలా సాగుతుంది జాబితా. దోషాలు ఆరు. కట్ట కారడం ఒకటి. నీళ్లు తక్కువై నేల ఎక్కువైనా, నేల తక్కువై నీళ్లు ఎక్కువైనా అవీ దోషాలే. అంటే చెరువు అందాన్ని బట్టి కాదు, ఊరికీ నీటికీ కుదిరిన లెక్కను బట్టి తీర్పు చెప్పేవారన్నమాట.

వాంకూవర్‌లోనూ అదే లెక్క

నీటి ఒడ్డున కట్టడాలు నేటి నగరాలకూ మోజే. కెనడాలోని వాంకూవర్‌లో 2009లో తెరిచిన సమావేశ మందిరం కొంత నేల మీద, కొంత సముద్రం మీద నిలబడింది. పైకప్పు మీద ఆరెకరాల పచ్చిక. గదులు చల్లబరచడానికీ, వెచ్చగా ఉంచడానికీ సముద్రపు నీటినే వాడుకుంటారు. అంతేనా... నీటి అంచున కాంక్రీటు మెట్లు కట్టి నాచుకూ, ఆలుచిప్పలకూ, పీతలకూ చోటిచ్చారు. ఒడ్డు వెంట జనం నడిచేందుకు బాటా వదిలారు. సముద్రం నుంచి తీసుకున్నదానికి ఎంతో కొంత తిరిగి ఇచ్చారు. కంభంలో తూము పొలానికి నీళ్లిస్తే, రైతు పూడిక తీసి చెరువు రుణం తీర్చుకోవాలి. లెక్క ఒకటే.

ఇంకో సాగరం కోసం

నల్లమలలో వాన మొహం చాటేసిన ఏడాది కంభం చెరువు అడుగు నేల బయటపడుతుంది. అందుకే ఈ ప్రాంతం కళ్లన్నీ వెలిగొండ మీద. శ్రీశైలం నుంచి కృష్ణా నీటిని సుమారు 19 కిలోమీటర్ల సొరంగాల గుండా రప్పించే ఈ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేసేనాటికి నీళ్లింకా పొలాలకు చేరలేదు. ఆ నీటిని నిల్వ చేసే జలాశయం పేరేమిటో తెలుసా? నల్లమల సాగర్! సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర మూడు కొండ సందులను ఆనకట్టలతో మూసి కట్టారు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన 'సందున్న కొండ' ఇక్కడా అక్కరకొచ్చింది.

ఎవరైనా కంభం చెరువు ఒడ్డున రేపు అతిథి గృహమో, సమావేశ మందిరమో కట్టాలనుకుంటే ముందు ఆ శాసనం ఓసారి చదువుకోవడం మంచిది. కట్ట మీద నిలబడి ఓ పక్క నీళ్లు, మరో పక్క వరి మళ్లు చూసినవారికి ఆ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.