ఎక్కడ? ఎప్పటినుంచి?

వైద్యులు రోగిని మొదట అడిగే ప్రశ్నలు రెండు: నొప్పి ఎక్కడ? ఎప్పటినుంచి? ఒకటి దేశాన్ని గురించినది, మరొకటి కాలాన్ని గురించినది.

గోదావరి తీరంనుంచి యీషున్‌లోని కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడను డాక్టరు ఈ రెండూ అడిగారు. కొడుకు తెలుగులో చెప్పాడు. "ఎక్కడ" అన్నప్పుడు ఆవిడ చెయ్యి గుండెల మీదికి వెళ్ళి, కడుపు మీదికి దిగి, చివరికి ఒళ్ళో వాలిపోయింది. "ఎప్పటినుంచి" అన్నప్పుడు మాత్రం తడుముకోలేదు. "మీ నాన్న పోయిన దశమి నాటినుంచి." కొడుకు దాన్ని ఇంగ్లీషు తేదీగా మార్చి చెప్పాడు. పరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదు.

దుఃఖానికి కాలం ఉంది, చోటు లేదు. మెదడులో ఉంది కదా అనవచ్చు. వీణ లేనిదే రాగం పలకదు. అంతమాత్రాన రాగం పనసచెక్కలో ఇన్ని అంగుళాల మేర ఉందనలేం. ఆధారపడటం వేరు, అక్కడ ఉండటం వేరు. వైశేషికులు సుఖదుఃఖాలను ఆత్మగుణాలన్నారు, ఆత్మను విభువన్నారు. అంతటా ఉన్నదాన్ని వేలుపెట్టి చూపడం ఎవరి తరం?

పి. ఎఫ్. స్ట్రాసన్ 'ఇండివిడ్యువల్స్' (1959)లో కేవలం శబ్దాలే ఉన్న ఒక లోకాన్ని ఊహించాడు. ఆగిన ధ్వని మళ్ళీ వినిపిస్తే, అది పాతదేనని ఎలా చెప్పడం? వినిపించనప్పుడు అది ఉండటానికి ఒక చోటు కావాలి. అందుకే ఆ లోకంలోనూ చోటును పోలినదేదో కల్పించవలసి వచ్చింది. పెద్దావిడ సమస్యా ఇదే. నిద్రలో లేని దుఃఖం మెలకువతోనే వస్తుంది. అది నిన్నటిదేనా? రాత్రంతా ఎక్కడుంది?

యీషున్ అన్న పేరు లిమ్ నీ సూన్ (1879–1936) అనే వ్యాపారి పేరుకు మాండరిన్ ఉచ్చారణ. పోయిన ఆ మనిషికి నేలమీద చోటు మిగిలింది. దహనం చేసి అస్థికలను నదిలో కలిపే ఇళ్ళలో పోయినవారికి సమాధి ఉండదు, తిథి ఉంటుంది. వారు ఒక చోట ఉండరు, ఏడాదికొకసారి వస్తారు. చోటు లేకుండా కాలంలో మాత్రమే ఉండటమంటే ఏమిటో ఆ ఇళ్ళకు తత్త్వశాస్త్రం చెప్పనక్కరలేదు.

అయితే స్ట్రాసన్‌కు ఎదురైన చిక్కు ఇక్కడా తప్పలేదు. ఆబ్దికం దగ్గరపడేసరికి కొడుకు రెండు పంచాంగాలు ముందేసుకున్నాడు. సింగపూరు గడియారం మన గడియారంకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది, సూర్యోదయమూ వేరు. తిథి నిర్ణయం ఊరినిబట్టి మారవచ్చు. కాలాన్ని లెక్కించడానికి మళ్ళీ ఒక చోటు కావలసి వచ్చింది.

"ఏ ఊరి దశమి చూడనమ్మా?" అని అడిగాడు.

"నువ్వు ఎక్కడ పెడితే అక్కడిదే చూడు," అంది ఆవిడ. "నాన్న అక్కడికే వస్తారు."