పొలం తాకట్టు పెట్టని పీహెచ్‌డీ

లండన్‌లో సీటు వచ్చింది, ఫీజు మాఫీ రాలేదు. అక్కడ చదవాలన్న కోరిక నాకు గట్టిగానే ఉండేది. నా పరిశోధన అమరావతి శిల్పాల మీద, వాటిలో ఎన్నో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ చూపాలన్నారు బ్యాంకులో. మా ఆస్తంటే మా ఊరు రామాపురంలో ఉన్న మాగాణే. నాన్న బీరువాలోంచి దస్తావేజులు, పాసుపుస్తకం తీసి మంచం మీద పరిచారు. "సంతకం పెట్టమంటే పెడతానమ్మా. వాయిదాలు ఎట్లా కడతామో అది చెప్పు చాలు" అన్నారు.

కాగితం మీద లెక్క వేసి చూశాను. కంప్యూటర్ చదువుకు అప్పు తీరే దారి కనబడుతుంది. కళాచరిత్రకు ఉన్నవి మ్యూజియంలు, ఫైన్ ఆర్ట్స్ కాలేజీలు, పురావస్తు శాఖ. ఖాళీలు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలీదు. చదువు అయ్యాక ఏడాదికల్లా వాయిదాలు మాత్రం మొదలవుతాయి. వడ్డీకి ఆదాయపన్ను మినహాయింపు ఉన్నా, పన్ను కట్టేంత జీతం వచ్చినవాళ్లకే అది అక్కరకొస్తుంది. అమెరికాలో పేరున్న చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తాయి. అలాంటి సీటు దొరికినవాళ్లను నిశ్చింతగా వెళ్లమంటాను. సొంత డబ్బుతో కట్టే పీహెచ్‌డీకి మాత్రం మా సబ్జెక్టులో నేను ఎవరినీ పంపను.

లండన్ వదిలేసి యూజీసీ నెట్ పరీక్షకు చదివాను. మా సబ్జెక్టు అందులో విజువల్ ఆర్ట్ పేరుతో ఉంటుంది. ఆ పరీక్షతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపై మూడేళ్లు 42,000. మొత్తం 24 లక్షలు. హాస్టల్ దొరక్కపోతే ఇంటద్దె భత్యం అదనం. అదే సెంట్రల్ యూనివర్సిటీలో జేఆర్‌ఎఫ్ లేకుండా చేరితే నెలకు 8,000. గైడు ఒకరే, లైబ్రరీ ఒకటే, చేతికొచ్చే డబ్బులో ఇంత తేడా! అందుకే ఏ యూనివర్సిటీ అన్న ప్రశ్న జేఆర్‌ఎఫ్ తర్వాతే వేసుకోవాలి.

నా ముందు బరోడా, జేఎన్‌యూ, హైదరాబాద్ ఉన్నాయి. 1950లో మొదలైన బరోడా ఫైన్ ఆర్ట్స్ అంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ నేను చూడాల్సిన రాళ్లు అమరావతిలో, మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో, మా తెనాలి-రేపల్లె లైను మీదే ఉన్న భట్టిప్రోలులో ఉన్నాయి. 1892లో అలెగ్జాండర్ రే ధాతుకరండాలు తవ్వి తీసిన స్తూపం అదే. శిల్పాన్ని ఒక్కసారి చూస్తే చాలదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు కనిపించిన ఉలి గీత మధ్యాహ్నానికి కనిపించదు. మళ్లీ మళ్లీ వెళ్లాలి, ప్రతిసారీ చార్జీలు పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో చేరితే రేపల్లె రైలెక్కి ఇంట్లో భోంచేసి పని చూసుకోవచ్చు. అందుకే జేఆర్‌ఎఫ్ వచ్చాక అక్కడే చేరాను.

ఫెలోషిప్‌తో వచ్చే కంటింజెన్సీ గ్రాంటు మొదటి రెండేళ్లు ఏటా 10,000. పుస్తకాలకు, ఫొటోలకు సరి. అందుకని ఫెలోషిప్‌లోంచి నెలకు 5,000 ఆర్‌డీ కడుతున్నాను. రెండేళ్లకు అసలే 1,20,000 అవుతుంది. అది లండన్ వెళ్లి ఆ శిల్పాలను చూసి రావడానికి. వీసా, టికెట్, బస ఖర్చులు చూసుకుంటే చాలు, బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం.