సున్నా ఫలితాలు
(పల్లె నుంచి పుస్తకం దాకా – 23)

మొన్న శనివారం పొద్దున్నే మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు.

"పెద్దమ్మా, టాపిక్ మార్చుకోమంటున్నారు. లైబ్రరీలో మెటీరియల్ లేదంట. నేనూ వెతికా. సున్నా ఫలితాలు అని వచ్చింది."

పిల్ల ఎం.ఏ. తెలుగు చదువుతోంది. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకి కుసుమ ధర్మన్న కవిని ఎంచుకుంది. సోమవారం లోపు టాపిక్ ఖాయం చెయ్యాలి. లేకపోతే వాళ్ళిచ్చింది రాయాలి.

"ఏమని కొట్టావే?" అన్నా.

"మాకొద్దీ నల్లదొరతనము అని తెలుగులో కొట్టా. ఏం రాలేదు. మాకొద్దీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే గరిమెళ్ళ వచ్చాడు."

చూశారా మిత్రులారా! తెల్లదొరతనం మాకొద్దని గరిమెళ్ళ సత్యనారాయణ పాడితే, మరి మా నెత్తిన కూచున్న నల్లదొర సంగతేంటని ధర్మన్న 1921లో అడిగాడు. వందేళ్ళు దాటాయి. కాలేజీ కంప్యూటర్లో తెల్లదొర మీద పాట ఉంది, నల్లదొర మీద పాట లేదు.

బస్సెక్కి వాళ్ళ కాలేజీకి పోయాను.

నేను పీజీ చేసేటప్పుడు ఈ కంప్యూటర్లు లేవు. చెక్క సొరుగులు, వాటినిండా కార్డులు. నంబరు చీటీ మీద రాసి కౌంటర్లో ఇవ్వాలి. ఒకాయన చీటీ చూసి, నన్ను చూసి, "ఇవన్నీ నీకెందుకమ్మా, గైడ్లు చదువుకో" అన్నాడు. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే లైబ్రరీల్లో కంప్యూటర్లు పెట్టినప్పుడు సంతోషించాను. ఆ పెట్టె మన ముఖం చూడదు, ఇంటిపేరు అడగదు.

కానీ ఆ పెట్టెకి మాటలు నేర్పింది మనుషులే. ఈ సంగతి మన పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు. మనం ఏదన్నా కొడితే అది పుస్తకాల్లో వెతకదు. ఎవరో ఒక ఉద్యోగి టైపు చేసిన రికార్డులో వెతుకుతుంది. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ, సంవత్సరం, సబ్జెక్టు, నంబరు. అంతే. ఆ రికార్డులో లేని మాట మనం కొడితే పుస్తకం అరలో ఉన్నా సున్నా అంటుంది.

ఇద్దరం పక్కపక్కనే కూచున్నాం.

మొదటి చిక్కు లిపి. అక్కడ తెలుగు పుస్తకాల వివరాలు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. తెలుగులో కొడితే ఎట్లా వస్తాయి? రెండోది స్పెల్లింగు. జాషువా పేరు ఒకరు ఒకలాగా, ఇంకొకరు ఇంకోలాగా రాస్తారు. 'నల్లదొర'లో దొరకి ఒక 'ఓ' పెడతారో రెండు పెడతారో తెలియదు. అందుకని పేరంతా కొట్టకూడదు. మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి చివర చుక్క గుర్తు పెట్టాలి. ధర్మన్న పేరు అట్లా కొడితే ఒక పుస్తకం పైకొచ్చింది. ఆయన మీద వ్యాసాలు. పిల్ల కుర్చీలో నిటారుగా కూచుంది.

మూడో చిక్కు మన పేర్లు. ఒక్కో కాలంలో మనల్ని ఒక్కో పేరుతో రాశారు. పంచములు, డిప్రెస్డ్ క్లాసెస్, హరిజనులు, షెడ్యూల్డ్ కులాలు. మనం పెట్టుకున్న పేర్లు వేరు. ఆంధ్రలో ఆది ఆంధ్రులం, హైదరాబాదులో ఆది హిందువులం, తర్వాత దళితులం. 1920ల నాటి విషయం కావాలంటే 'దళిత' అని ఒక్క మాట కొట్టి ఊరుకుంటే కుదరదు. ప్రతి పేరూ కొట్టాలి. మధ్యలో 'ఆర్' అని పెడితే అన్నీ కలిపి వెతుకుతుంది.

"ఇప్పుడు అన్‌టచబుల్స్ అని కొట్టు" అన్నా.

పిల్ల చెయ్యి ఆగిపోయింది. "పెద్దమ్మా, నేను అది కొట్టాలా?"

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తయారుచేసిన సబ్జెక్టు పేర్ల జాబితాని మన దగ్గర కూడా చాలా లైబ్రరీలు వాడతాయి. అందులో చాలాకాలం మన పేరు అదే. తర్వాత దళిత్స్ అని మార్చారు. పాత రికార్డులు దిద్దనిచోట పాత పేరే ఉండిపోయింది.

"కొట్టమ్మా. ఏ పేరుతో పాతిపెట్టారో ఆ పేరుతోనే తవ్వాలి."

కొట్టింది. రెండు పేజీల జాబితా వచ్చింది. అందులో ఆది ఆంధ్ర ఉద్యమం మీద ఒక పరిశోధన పుస్తకం. ఆ రికార్డు తెరిచి, కింద సబ్జెక్టు అని ఉన్నచోట నొక్కితే దాని తోటి పుస్తకాలు ఇంకొన్ని వచ్చాయి. ఇది గుర్తుపెట్టుకోండి. పనికొచ్చే పుస్తకం ఒక్కటి దొరికితే చాలు, దాని చుట్టాలని అదే చూపిస్తుంది.

ఇక నంబరు. డ్యూయీ పద్ధతిలో దళితులకిచ్చిన నంబరు 305.5688. సమాజం వెలిపెట్టిన వర్గాల కింద వేశారు. తెలుగు కవిత్వం 894.8271. అంటే మనవాడు కవి అయితే ఒక అరలో, దళితుడైతే ఇంకో అరలో ఉంటాడు. రెండు చోట్లకీ మనమే నడవాలి.

ఈ మెల్విల్ డ్యూయీ ఎవరో తెలుసా? 1880ల్లో కొలంబియా కాలేజీ లైబ్రేరియన్. తర్వాత పాతికేళ్ళకి బాబాసాహెబ్ చదివింది ఆ కొలంబియాలోనే. డ్యూయీ నడిపిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులోకి యూదుల్ని రానిచ్చేవారు కాదు. దాని మీద 1905లో గొడవై న్యూయార్క్ రాష్ట్ర లైబ్రరీ పదవి వదులుకున్నాడు. 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పతకానికి ఆయన పేరు తీసేసింది. లోకంలోని పుస్తకాలన్నిటికీ చోటు చూపించిన మనిషి సాటి మనుషులకి తన క్లబ్బులో చోటివ్వలేదు.

నంబరు రాసుకుని అరల దగ్గరికి పోయాం. అక్కడ కంప్యూటర్ చెప్పనిది దొరికింది. ఒక పాత కవితా సంకలనం. విషయసూచిక తిప్పితే ధర్మన్న పేరుంది. లోపల ఏ కవులున్నారో రికార్డులో ఎవరూ ఎక్కించలేదు, అందుకే వెతుకులాటలో రాలేదు. పిల్ల అక్కడే నేలమీద కూచుని చదవడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఏడు పుస్తకాలు. ఇంటికొచ్చాక శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథాలు వెతికాం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చూశాం. అక్కడ కూడా పేర్లు వంకరటింకర ఇంగ్లీషులో ఉంటాయి, నాలుగు రకాలుగా కొట్టాలి. సోమవారం ఆ జాబితా పట్టుకుని పోయింది. టాపిక్ మారలేదు.

కానీ ఒక మాట. ధర్మన్న నడిపిన 'జయభేరి' పత్రిక ఆ లైబ్రరీలో నిజంగానే లేదు. ఎన్ని స్పెల్లింగులు మార్చినా రాలేదు. మనవాళ్ళు చందాలేసుకుని అచ్చేసుకున్న కరపత్రాలు, చిన్న పత్రికలు లైబ్రరీ గుమ్మం తొక్కలేదు. ఆ సున్నా వెతకడం రాక వచ్చింది కాదు, కొనక వచ్చింది. రెండు సున్నాలకీ తేడా తెలియాలి. మొదటిదానికి మన పిల్లలకి వెతకడం నేర్పాలి. రెండోదానికి లైబ్రరీని అడగాలి.

చాలా కాలేజీల లైబ్రరీ పేజీలో పుస్తకం కొనమని సూచించే ఫారం ఉంటుంది. ఎవరూ నింపరు. మీ పిల్లలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎక్కడ చదువుతున్నా ఈ నెలలో తలా ఒక మన పుస్తకం పేరు అందులో రాయించండి. అట్లాగే మీ ఇళ్ళల్లో, అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పాత కరపత్రాలుంటే పారెయ్యొద్దు. ఫోటోలు తీసి నాకు పంపండి.

మా పిల్ల ఇప్పటికి మూడు పేర్లు రాసింది.

జై భీమ్.

(ఇంకా ఉంది)