అలబామా దారిలో అక్కకు ఉత్తరాలు

మాంట్‌గోమరీ, 2025 మార్చి 22

అక్కా,

నీ చిన్నోడు పొద్దున్నే కారెక్కించి మధ్యాహ్నానికల్లా ఇక్కడ దింపాడు. దారంతా పైన్ చెట్లే, చెప్పుకోడానికేం లేదు. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు 1861లో తమ అధ్యక్షుడి చేత ప్రమాణం చేయించింది ఈ ఊరి శాసనసభ భవనం ముందే. అక్కణ్ణుంచి చూస్తే మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరుగా పనిచేసిన ఎర్ర ఇటుకల చర్చి కనిపిస్తుంది. ఏటా జనవరి మూడో సోమవారం అలబామాలో ప్రభుత్వ సెలవు. ఎవరి పేరు మీదనుకున్నావు? కింగ్ పేరూ, ఆ దక్షిణాది సైన్యాన్ని నడిపిన జనరల్ లీ పేరూ కలిపి! ఇంతకంటే తెలివైన మొహమాటం నేనెక్కడా చూడలేదు.

ఊళ్లోనే గుట్ట మీద 2018లో కట్టిన స్మారకం ఉంది. తుప్పు రంగు ఇనుప దిమ్మెలు 800 పైచిలుకు. ఒక్కో దిమ్మె ఒక్కో కౌంటీది (కౌంటీ అంటే మన జిల్లా అనుకో). 1877 నుంచి 1950 దాకా అక్కడ తెల్లవాళ్ల మూకలు చంపిన నల్లజాతివాళ్ల పేర్లు వాటి మీద చెక్కారు. మొత్తం 4,400 దాటాయట. లోపలికి వెళ్లేకొద్దీ నేల పల్లమవుతుంది, దిమ్మెలు మన నెత్తి మీద వేలాడతాయి. ఎందుకు చంపారో కూడా గోడ మీద రాశారు. 1940లో ఒకతన్ని చంపింది, తెల్ల పోలీసును పిలిచేటప్పుడు పేరుకు ముందు ‘మిస్టర్’ అనలేదని. చీరాల పక్కన పుట్టినదాన్ని, నాకు దళితుల్ని చంపిన కారంచేడు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

సెల్మా, మార్చి 23

అక్కా,

1965లో జనం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నడిచిన 54 మైళ్లూ మేము ఎదురు దిశలో గంటలో వచ్చేశాం. పాపం, ఊరు చాలా చితికిపోయింది. 1960లో 28 వేల జనాభా, ఇప్పుడు 18 వేలు కూడా లేరు. 1977లో వైమానిక స్థావరం మూతపడింది. 2023లో టోర్నడో వచ్చింది. పెద్ద బజారులో సగం కొట్లకు తాళాలే. చరిత్ర ప్రసిద్ధి ఊరికి అన్నం పెట్టదని ఇక్కడ తెలుస్తుంది.

ఆ నడకలో దాటిన వంతెన ఎక్కాను. దాని పేరు ఎడ్మండ్ పెట్టస్. ఆయన దక్షిణాది సైన్యంలో జనరల్, ఆ తర్వాత అలబామాలో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠాకు పెద్ద. ఆ పేరింకా అలాగే ఉంది.

1965లో ఈ కౌంటీ జనాభాలో సగానికి పైగా నల్లజాతివాళ్లే. ఓటు హక్కు వయసున్న వాళ్లలో జాబితాకెక్కింది మాత్రం నూటికి ఇద్దరు. నమోదు ఆఫీసు నెలకు రెండు రోజులే తెరిచేవారు. వెళ్తే రాజ్యాంగం మీద పరీక్ష. తెల్ల గుమాస్తా పాసన్నవాడే పాసు. వరుసలో నిలబడ్డారని యజమాని చెవిన పడితే ఉద్యోగం ఊడేది. ఆ ఫిబ్రవరిలో పక్కనున్న మేరియన్‌లో ఓటు కోసం ఊరేగింపు తీస్తే, జిమ్మీ లీ జాక్సన్ అనే 26 ఏళ్ల కుర్రాణ్ణి పోలీసు కాల్చాడు. కాల్చినవాడు నేరం ఒప్పుకున్నది 2010లో. పడ్డ శిక్ష ఆరు నెలలు!

జాక్సన్ చావుతోనే పాదయాత్ర ఆలోచన పుట్టింది. మార్చి 7న 600 మంది వంతెన దాటారు. అవతల పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో, గుర్రాలతో విరుచుకుపడ్డారు. ముందు నడిచిన జాన్ లూయిస్ పుర్రె చిట్లింది. ఆ రాత్రే దేశమంతా టీవీలో చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది.

ఆ చట్టంలో అసలు కీలకం ఒక్కటే. జనాన్ని ఓటుకు దూరం పెట్టిన చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలి. అన్యాయం జరిగాక కోర్టు చుట్టూ తిరగడం కాదు, జరగకముందే ఆపడం. ఈ అలబామాలోనే షెల్బీ కౌంటీ వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ కీలు విరిచేసింది. చట్టం పుస్తకంలో ఉంది, కాపలా పోయింది.

ఫలితం చూడు. జార్జియాలో 2021లో తెచ్చిన చట్టం ప్రకారం, ఓటింగు కేంద్రానికి 150 అడుగుల లోపల వరుసలో ఉన్నవాళ్లకు మంచినీళ్లు అందించడం నేరం. గంటల తరబడి నిలబడాల్సి వచ్చేది ఎక్కువగా నల్లజాతివాళ్ల పేటల్లోనే. ఎండాకాలం ఎన్నికల్లో మజ్జిగ పంచే మనకు ఇది నమ్మశక్యం కాదు. ఇప్పుడు లాఠీ అక్కర్లేదు, ఓ చట్టం చాలు.

అంతా ఓటమే అనను. అలబామా జనాభాలో నాలుగో వంతుకు పైగా నల్లజాతివాళ్లు. పార్లమెంటు స్థానాలు ఏడు. వాళ్ల మాట చెల్లేది ఒక్క చోటే ఉండేలా హద్దులు గీశారు. 2023లో సుప్రీంకోర్టు తప్పు పట్టింది, 2024లో రెండో స్థానం దక్కింది. కానీ దానికి ఏళ్ల తరబడి కోర్టులో పోరాడాల్సి వచ్చింది.

కమింగ్, జార్జియా, మార్చి 26

అక్కా,

మళ్లీ మీవాడింటికి చేరాను. ఫోర్సిత్ కౌంటీ. సందు మలుపులో తెలుగు వినిపిస్తుంది, కిరాణా కొట్టులో గోంగూర దొరుకుతుంది. 1912లో ఇక్కడ ఒక నల్లజాతి మనిషిని జైల్లోంచి లాక్కొచ్చి చంపారు, ఇద్దరు కుర్రాళ్లను బహిరంగంగా ఉరి తీశారు. ఆ రోజుల్లోనే ఇళ్లూ చర్చిలూ తగలబెట్టి, దాదాపు 1,100 మంది నల్లజాతివాళ్లను, అంటే ఇంచుమించు ఉన్నవాళ్లందరినీ, తరిమేశారు. వదిలి వెళ్లిన పొలాలు చాలావరకు తెల్లవాళ్ల పేర్లకు మారాయి. 1987లో కూడా సమానత్వం కోసం కొద్దిమంది నడిస్తే రాళ్లేశారు. వారం తిరిగేసరికి ఇరవై వేల మంది వచ్చి నడిచారు.

ఇది మీవాడికి చెబితే, “మనకెందుకు పిన్నీ ఇవన్నీ” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి పౌరుడు కాలేడంది. 1946లో ఆ అడ్డు తీసేశాక కూడా మన దేశం మొత్తానికి ఏడాదికి వంద వీసాలే. ఆ గోడ కూలింది 1965 అక్టోబరు 3న, కొత్త వలస చట్టంతో, ఓటు హక్కుల చట్టం వచ్చిన రెండు నెలలకు. జాతిని బట్టి మనిషిని తూచకూడదన్న అదే ఉద్యమం ఊపులో. సెల్మాలో పగిలిన తలలకు మీవాడి గ్రీన్‌కార్డు బాకీ ఉంది, అంతే.

ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీలు జాతి వివక్ష చూపకూడదని, సమాన అవకాశానికి చర్యలు తీసుకోవాలని 1965లోనే అధ్యక్షుడు జాన్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. మొన్న జనవరిలో ట్రంప్ దాన్ని రద్దు చేశాడు. “ప్రతిభకే ఉద్యోగం, మంచిదే” అన్నాడు భోజనాల దగ్గర మనవాడొకాయన. 2022 లెక్కల్లో తెల్ల కుటుంబం మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900. ప్రతిభలోనే ఆరు రెట్ల తేడా ఉందంటాడా ఆయన?

మీవాడికి పౌరసత్వం వచ్చింది గానీ ఓటరుగా పేరు రాయించుకోలేదు, తీరిక లేదట. వచ్చే ఏడాది నవంబరులో ఇక్కడ పార్లమెంటుకూ గవర్నరు పదవికీ ఎన్నికలు. నా మాట వినడు, నువ్వు చెబితే వింటాడు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు ఆ సంగతే ముందు అడుగు.

నీ చెల్లెలు