మీసాల బ్రాకెట్లు

2023 జూలై 10, సోమవారం

నిన్న లష్కర్ బోనాలు. ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట. పొద్దున ఎనిమిదిన్నరకే ఫోన్. ఖమ్మం కౌంటర్‌లో పార్సిల్ రసీదు రావడం లేదట, తెరంతా తెల్లగా ఉందట. పది నిమిషాలకు సూర్యాపేట, ఆ వెనకే మిర్యాలగూడ. మా కోడ్ ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకున్నది సర్వర్‌ను. ఆడిట్ వాళ్లు చెప్పారని క్లయింటు మనిషి శనివారం కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అనే హెడర్ తగిలించి వెళ్లాడు.

కన్సోల్ నిండా ఎర్ర అక్షరాలు: అన్‌సేఫ్ ఇవాల్‌కు అనుమతి లేదు. రసీదు, చలానా, డెలివరీ షీటు, మావన్నీ హ్యాండిల్‌బార్స్ టెంప్లేట్లే. పేజీ తెరుచుకున్నాక బ్రౌజర్ ఆ పాఠాన్ని చదివి, అక్కడికక్కడే దాన్ని ఫంక్షన్‌గా మార్చుకుంటుంది. వట్టి పాఠం ప్రోగ్రాముగా మారడాన్నే కొత్త హెడర్ వద్దంటోంది. ఆడిటర్‌ను తిట్టుకున్నాను గానీ, ఆయన అన్నది సబబే.

బతిమాలి హెడర్ తీయించాను. శనివారం దాకా గడువు.

జూలై 11

దారి ఒక్కటే కనబడుతోంది. టెంప్లేట్లను ఇక్కడే, మా మెషీన్ మీదే ప్రీకంపైల్ చేసి, తయారైన ఫంక్షన్లను పంపాలి. అప్పుడు బ్రౌజర్‌కు కంపైలరే అక్కర్లేదు, రన్‌టైమ్ ఒక్కటి చాలు. అది మొత్తం లైబ్రరీలో సగం కూడా ఉండదు. కౌంటర్లలోని ముసలి కంప్యూటర్లకు అదీ మేలే. ఇన్నేళ్లుగా మేం చేస్తున్నది, ఎసరు మరుగుతుంటే బియ్యంలో రాళ్లు ఏరుకోవడం. అదీ గిరాకీ ఎదురుగా కూర్చుని.

కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: "అన్నా, ఇంకా గ్రంటేంది? వెబ్‌ప్యాక్‌కు మారుద్దాం." బిల్డ్ పనులకు మేం వాడే గ్రంట్ 2012 నాటి సరుకే, కాదనను. కానీ నాలుగు రోజుల్లో ఇల్లు మారలేం. ఉన్న గ్రంట్‌ఫైల్‌లోనే హ్యాండిల్‌బార్స్ టాస్క్ చేర్చాను. పేజీల్లో స్క్రిప్ట్ ట్యాగుల మధ్య దాగి ఉన్న టెంప్లేట్లన్నీ విడి ఫైళ్లకు తీశాం. టాస్క్ వాటన్నిటినీ కలిపి ఒకే జావాస్క్రిప్ట్ ఫైలు ఇచ్చింది.

పేజీ తెరిస్తే, రసీదు అనే ఫంక్షనే లేదంది. గంట పోయింది. తీరా చూస్తే ఉంది, ఫోల్డర్లు, ఎక్స్‌టెన్షన్‌తో సహా ఫైలు దారి మొత్తం దాని పేరుగా. మనిషిని ఇంటి అడ్రసుతో పిలిచినట్టు. ప్రాసెస్‌నేమ్ అనే ఆప్షన్‌లో దారినీ తోకనూ కోసేసే రెండు లైన్లు రాస్తే పలికింది.

జూలై 12

రన్‌టైమ్ మొరాయించింది. ఈ టెంప్లేట్ నాకంటే కొత్త వెర్షన్‌తో కంపైలైంది, ముందు నన్ను మార్చు, అంటుంది. టాస్క్ వెంట వచ్చిన కంపైలర్ 4.7. మా ఫోల్డర్‌లో ఎప్పుడో ఎవరో కాపీ చేసి పెట్టిన రన్‌టైమ్ 4.1. రెండూ ఒకే చోటి నుంచి, ఒకే వెర్షన్ వచ్చేలా కట్టేశాను. అంతే పని.

జూలై 13

ఈరోజు అసలు సంగతి బయటపడింది. ముందే కంపైల్ చేస్తే తప్పులన్నీ ఇక్కడే దొరుకుతాయని మురిసిపోతున్నాను కదా. మూయని బ్లాక్ దొరుకుతుంది, నిజమే, బిల్డ్ అక్కడే ఆగుతుంది. టెంప్లేట్ నుంచి పిలిచే హెల్పర్ ఫంక్షన్ పేరులో అక్షరం తప్పితే మాత్రం నోరెత్తదు. మన హెల్పర్ల పేర్లన్నీ ముందే చెప్పి, నోన్ హెల్పర్స్ ఓన్లీ అని పెడితే అప్పుడు పట్టుకుంది. అలా పెట్టగానే రెండు పాత తప్పులు! ఎవరూ తెరవని రిపోర్టులో పడి ఉన్నాయి. పార్షియల్, అంటే టెంప్లేట్లు పంచుకునే ముక్క, లేకపోతే మాత్రం బిల్డ్‌కు పట్టదు, పేజీ తెరిచినప్పుడే తెలుస్తుంది. ఫైలు పేరు అండర్‌స్కోర్‌తో మొదలైతేనే టాస్క్ దాన్ని పార్షియల్‌గా లెక్కవేస్తుంది. చిరునామా భాగాన్ని అలా విడదీశాను, నాలుగు చోట్ల పనికొస్తుందని.

ఫైళ్లు తిరగేస్తుంటే ఒక విలువ చుట్టూ మూడేసి కర్లీ బ్రాకెట్లు కనిపించాయి. అడ్డం తిప్పి చూస్తే ఈ బ్రాకెట్ మీసంలా ఉంటుందనే హ్యాండిల్‌బార్స్ పెద్దన్నకు ముస్టాష్ అని పేరు. రెండు మీసాలు పెడితే లోపలి విలువలోని హెచ్‌టీఎంఎల్ గుర్తులు నిర్వీర్యమై వస్తాయి. మూడు పెడితే ఉన్నది ఉన్నట్టు పేజీలో దిగుతుంది. మాకు మూడున్నది పంపినవారి పేరు దగ్గర! ఎందుకో ఊహించగలను. పేర్లలో ఆంపర్‌శాండ్ పెట్టుకునే దుకాణాలు ఎన్ని లేవు. సర్వర్ ఆ ఒక్క గుర్తును ఒకసారి, టెంప్లేట్ మళ్లీ ఒకసారి ఎస్కేప్ చేస్తే రసీదు మీద పిచ్చి అక్షరాలు పడి ఉంటాయి, ఎవరో విసిగి మూడో మీసం తగిలించారు. ఇక పేరు గడిలో స్క్రిప్ట్ ట్యాగు రాస్తే ఏమవుతుందో రాసి చూశాను. నడిచింది. బిల్డ్‌కు ఇది తప్పే కాదు. సర్వర్ వైపు ఎస్కేప్ తీయించి, ఇక్కడ రెండు మీసాలకు దించాను.

జూలై 15, శనివారం

హెడర్ మళ్లీ పెట్టారు. కన్సోల్ శుభ్రం. అమ్మాయి చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను.

నాలుగింటికి మిర్యాలగూడ నుంచి ఫోన్. "సార్, రసీదు మంచిగనే వస్తుంది గని, ఊరి పేరు రాలే."

చిరునామా పార్షియల్. డెలివరీ షీటుకు సరిపోయేలా రాసి, రసీదులో దాన్ని వస్తువుల లూప్ లోపల పిలిచాను. అక్కడ డేటా అంటే ఒక్కో వస్తువు. ఊరు బయటి పొరలో ఉంది. హ్యాండిల్‌బార్స్‌కు అడిగిన ఫీల్డు దొరక్కపోతే ఖాళీ వదిలి ముందుకు పోతుంది, కిక్కురుమనదు. ఎవరి పనీ కాదు, నాదే. పొద్దుటి నుంచి ఎన్ని పార్సిళ్లు ఊరి పేరు లేకుండా పోయాయో లెక్క తీయమన్నాను. ముప్పై ఒకటి. ఒక్కొక్కదానికీ ఫోన్ చేసి, చేత్తో రాయించాం.

స్ట్రిక్ట్ ఆప్షన్ ఒకటుంది. పెడితే, లేని ఫీల్డు దగ్గర ఆగి అరుస్తుంది. కానీ అరిచేది కంపైల్ చేసేటప్పుడు కాదు, నడిచేటప్పుడు. అంటే మళ్లీ కౌంటర్ ముందే. అందుకని బిల్డ్ చివర ఇంకో టాస్క్ చేర్చాలి: ఒక దొంగ పార్సిల్, దొంగ చిరునామా ఇచ్చి ప్రతి టెంప్లేట్‌నూ ఇక్కడే ఒకసారి నడిపించాలి. సోమవారం సెలవు. మంగళవారం మొదలుపెడతాను.