చామనచాయ పెళ్ళికూతురూ, రాత్రి రెండున్నర ముహూర్తమూ

మన ముహూర్తాలకీ కెమెరాలకీ ఏదో పాత పగ ఉండి ఉంటుంది. లేకపోతే ఫోటోకి అస్సలు పనికిరాని రాత్రి రెండింటికీ, తెల్లవారుజామున నాలుగింటికీ ఎందుకు పెడతారు చెప్పండి!

2023లో మా స్నేహితుడి చెల్లెలి పెళ్ళి, పశ్చిమ గోదావరిలో, ఇంటి ముందు పందిట్లోనే. ముహూర్తం రాత్రి 2:38కి. ఫోటోగ్రాఫర్లు ఉన్నారు, అయినా "నువ్వు కూడా తియ్యరా" అన్నాడు వాడు. కారణం తర్వాత చెప్పాడు.. ఆ అమ్మాయిది చామనచాయ. నిశ్చితార్థం ఆల్బంలో స్టూడియో వాళ్ళు ఎంత తెల్లగా చేశారంటే "ఇది నేను కాదు" అని మళ్ళీ తెరవనే లేదట.

పందిట్లో వెలుగు సంగతి చూడండి. పైన పసుపూ ఎరుపూ షామియానా. ఫ్లాష్ పైకి తిప్పి కొడితే ఆ రంగంతా తిరిగొచ్చి మొహాల మీదే పడుతుంది. చుట్టూ ట్యూబులైట్లు, ముందు హోమం, వీడియో వాళ్ళ తెల్ల లైటు ఒకటి. మంట సుమారు 1900 కెల్విన్, వీడియో లైటు 5600. రెండిటికీ కుదిరే వైట్ బ్యాలెన్స్ లేదు, రా ఫైల్ తీసుకుని తర్వాత చూసుకోవడమే. కొలతకి తెల్లటి మధుపర్కాలున్నాయి గానీ అంచులకి పసుపు రాస్తారు కదా, నడిమి గుడ్డనే నమ్మాలి :)

అసలు తిరకాసు మీటరుది. కెమెరా ఏది చూసినా నడిమి బూడిద రంగులోకి తేవాలని చూస్తుంది. ఫ్రేములో సగం తెల్లబట్టలుంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, చామనచాయ మొహం నల్లబడిపోతుంది. అది చూసి నేరుగా మొహం మీదకి ఫ్లాష్ కొడతారు, మిగిలింది కంప్యూటర్లో తెల్లబరుస్తారు. జబ్బు మీటరుది, వైద్యం అమ్మాయి మొహానికి! ఇది కొత్తదేం కాదు లెండి. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన షర్లీ కార్డుల మీద 1950ల నుంచి చాలా ఏళ్ళు తెల్లమ్మాయిలే ఉండేవారు.

నేను చేసిందల్లా స్పాట్ మీటరింగ్ పెట్టి ఆమె చెంప మీద కొలవడం. ఆ రంగు మీటరు కోరుకునే బూడిదకి దాదాపు దగ్గరే. ఎఫ్/2.8, 1/100, ఐఎస్ఓ 1600 దగ్గర మాన్యువల్ లో పెట్టి వదిలేశా, ఫ్లాష్ సంచీలోనే ఉంది. లైటు పట్టుకున్న కుర్రాడితో "తమ్ముడూ, కాస్త పక్కకి జరిగి పైకెత్తు" అన్నా. అంతే, మొహానికి ఒక ఆకారం వచ్చింది.

తలంబ్రాల దగ్గర ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. 1/100 దగ్గర బాధ లేదు. బియ్యం గాల్లో ఆగాలంటే 1/400 అన్నా కావాలి, అక్కడ చారలు మొదలు. వీడియో లైటే ఎక్కువ పడే వైపు నిలబడి, ఐఎస్ఓ 6400 చేశా. రోల్‌బ్యాక్ లేని రిలీజ్ కదా, నాయిస్ గురించి బెంగపడే టైము కాదు.

ఫోటోలు పంపాక వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. "బావున్నాయి బాబూ.. కాస్త తెల్లగా చెయ్యలేవా?" పది నిమిషాల పని. ఏం చెప్పాలా అని నీళ్ళు నములుతుంటే వెనకనించి అమ్మాయి గొంతు, "అమ్మా, ఫోనిటివ్వు" అని.

తలంబ్రాల ఫోటో 12 బై 18 అంగుళాల ప్రింటు వేయించుకుంది. దాన్లో ఏది బియ్యమో, ఏది ఐఎస్ఓ గింజో దగ్గరికెళ్ళి చూస్తే గానీ తెలీదు.