గట్టు కనపడని ఫొటో

కైకలూరులో స్టూడియో నడిపే ఆ ఫొటోగ్రాఫర్‌కి పెళ్లిళ్లు లేని రోజుల్లో కొల్లేరే లోకం. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు పొంగి లంక ఊళ్లను నీళ్లు చుట్టుముడితే, ఆ నీళ్లలో మబ్బుల్ని పడతాడు. చలికాలం తెల్లవారకుండానే ఆటపాక వెళ్లి, మంచు విడేలోగా గూడబాతుల్ని తీస్తాడు. ఎండాకాలం నెర్రెలిచ్చిన నేలనూ వదలడు.

స్టూడియోలో పెద్ద ఫ్రేము కట్టించి పెట్టుకున్నది మాత్రం ఒకటే. సంధ్యవేళ, బంగారం కరిగించి పోసినట్టున్న నీళ్లు. చూసినవాళ్లంతా 'అబ్బ, కొల్లేరు!' అనేవారు.

ఓ రోజు పింఛను కాగితాలకు ఫొటో దిగడానికి లంక ఊరి నుంచి ఓ ముసలామె వచ్చింది. ఫ్రేము వంక చూసి నవ్వింది.

'ఇది కొల్లేరు కాదు బాబూ, చేపల చెరువు. గుర్రపుడెక్క లేదు, కిక్కిస లేదు. కొల్లేరైతే ఇంత ఖాళీగా ఉంటుందా?'

నిజమే. గట్టు పడకుండా ఒడుపుగా తీసిన ఫొటో అది. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినా కొల్లేట్లో చెరువులు ఆగలేదు. 2006లో చాలా గట్లు తెగ్గొట్టారు. సరస్సుకు కాస్త ఊపిరాడింది. చెరువుల మీద బతికేవాళ్లకు పని పోయింది.

'గట్లకి మట్టి మోసిందీ మేమే, అవి తెగ్గొడితే కూలి పోయిందీ మాకే' అందామె, కొంగు సర్దుకుని కెమెరా ముందు కూర్చుంటూ.

మర్నాడు సాయంత్రం అతను మళ్లీ అక్కడికే వెళ్లాడు. అదే ఎండ, అవే నీళ్లు. ఈసారి గట్టును తప్పించలేదు. ఫొటో మునుపటంత అందంగా రాలేదు. అయినా దానికీ ఫ్రేము కట్టించి, పాతదాని పక్కనే తగిలించాడు.